గరుడ పోయాడు, గని ఆగలేదు



కోలారు అనగానే నేడు దేశమంతటికీ గుర్తుకు వచ్చేది 'కె.జి.ఎఫ్.' సినిమా. ప్రశాంత్ నీల్ దర్శకత్వంలో యశ్ నటించిన ఈ కన్నడ చిత్రం మొదటి భాగం 2018 డిసెంబరు 21న, రెండవ భాగం 2022 ఏప్రిల్ 14న విడుదలయ్యాయి. తెలుగు మాటలతోనూ అది మన ఇళ్లకు చేరింది. నేనూ ఇష్టంగానే చూశాను. అయితే అందులోని రాకీ అధికారాన్ని ఎట్లా నిలుపుకున్నాడన్నది మనం ఆలోచించవలసిన విషయం.

కథలోని నరాచి గని కల్పితం. అక్కడ గరుడ పాలనకు ఆధారం తుపాకి, కొరడా. గరుడను చంపే పని ఒప్పుకొని రాకీ కూలీగా లోపలికి వెళ్తాడు. ఒక గుడ్డి ముసలివానిని కాపాడడానికి కాపలావారిని ఎదిరిస్తాడు. ఆనాటి నుండి కూలీల మనసులు అతనివే. గరుడ చచ్చాక అతడే ఏలిక. బయటివారికి అతడంటే భయం, లోపలివారికి ప్రేమ.

ఇటలీకి చెందిన మాకియవెల్లీ 1513లో రాసిన 'ప్రిన్స్' గ్రంథంలో, ఏలికకు భయమూ ప్రేమా రెండూ ఉండడం మేలని, ఒక్కటే దక్కేటప్పుడు భయమే భద్రమని అన్నాడు. రాకీకి రెండూ దక్కాయి. భయపడేవాడు పారిపోయే దారి వెతుకుతాడు. ప్రేమించేవాడు తానే కాపలా కాస్తాడు. అందుకే గరుడ అధికారం కంటే రాకీ అధికారం గట్టిది.

కాని గని ఆగలేదు. తవ్వే చేతులు మారలేదు. బంగారమంతా తల్లికి ఒక కొడుకు ఇచ్చిన మాటకే చెల్లింది, చివరకు అతనితోపాటు సముద్రంలో మునిగింది. కూలీలకు ప్రేమ దక్కింది, లెక్క అడిగే హక్కు దక్కలేదు.

మన కోలారు గనుల అసలు చరిత్ర వేరు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఈ గనులను చేపట్టింది. తమిళ, తెలుగు కూలీలు వేల అడుగుల లోతుకు దిగారు. వేలిముద్రల నమోదును నిరాకరిస్తూ 1930లో సమ్మె చేశారు. 1946 నవంబరు 4న పోలీసు కాల్పులలో ఆరుగురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. 1956లో గనులు ప్రభుత్వపరమయ్యాయి. అంటే సినిమా కథ నడిచే 1970లలో ఇక్కడ ఉన్నది బానిసలు కారు, సంఘాలు కట్టుకున్న కార్మికులు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక కూడా, బకాయిల కోసం, ఇళ్ల కోసం వారు ఏళ్ల తరబడి పోరాడారు. ఏ రాకీ కోసమూ వారు ఎదురుచూడలేదు.

మన అమ్మనుడి విషయంలోనూ ఈ తేడాను గుర్తించాలి. ఎన్నికలప్పుడు మన వాకిట తెలుగులో మాట్లాడే నాయకుని చూసి మురిసిపోతాం. తర్వాత తెలుగు బడి ఊసెత్తితే, గొడవలవుతాయి, ఊరుకోండి అంటారు. మొదటిది ప్రేమ, రెండవది భయం. రెండింటి మధ్యా బడి మరుగున పడుతుంది.

1956లోనే రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేందుకు తగిన వసతులు కల్పించే ప్రయత్నం చేయాలని అది రాష్ట్రాలకు చెబుతుంది. ఇది ఏ నాయకుని దయా కాదు. కన్నడం మనకు పరాయిదీ కాదు. కన్నడం చక్కగా నేర్చుకుంటూనే మన బడిని మనం అడగవచ్చు.

కాబట్టి ముళబాగిలులోనైనా, శ్రీనివాసపురంలోనైనా, బంగారుపేటలోనైనా, ఓటడగడానికి వచ్చిన వారిని మూడు ప్రశ్నలు అడగండి. మా తాలూకాలో తెలుగు బడులెన్ని? వాటిలో ఉపాధ్యాయులెందరు? పాఠ్యపుస్తకాలు ఏ నెలలో అందాయి? జవాబును కాగితం మీద రాయించుకోండి. మళ్లీ ఐదేళ్లకు ఆ కాగితాన్నే వారి ముందు పెట్టండి.