ఎంతకాలం నుంచి ఇలా ఉంది?



మన ఇళ్లలో తలుపు వేసుకొని మాట్లాడుకునే సంగతి ఒకటి ఈరోజు బయట మాట్లాడదాం. బెంగళూరులో మా సంఘానికి వచ్చే ఒక తండ్రి, ఆరాధన అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగాడు. "అయ్యగారూ, మావాడికి 26 ఏళ్లు. కొట్టే వయసు కాదు, చెబితే వినే స్థితీ కాదు" అన్నాడు. (ఆ కుటుంబం ఒప్పుకున్నాకే ఇది చెబుతున్నాం.) కొడుకు ఉద్యోగం మానేశాడు. రాత్రంతా నిద్ర లేదు. అన్నంలో ఏదో కలిపారని పళ్లెం విసిరేస్తాడు. ఒకరోజు తల్లి మీద చెయ్యి చేసుకున్నాడు.

మేమేం చేశాం? ఉపవాస ప్రార్థనలు పెట్టాం. నూనె రాశాం. తల్లిదండ్రులను సన్మానించాలని అతనికి వాక్యం చెప్పాం. ఎనిమిది నెలలు గడిచాయి. డాక్టరు మాట మా నోట రాలేదు. ఆ ఎనిమిది నెలలకు మేము జవాబుదారులం.

మార్కు సువార్త 9వ అధ్యాయంలో ఒక తండ్రి కుమారుణ్ణి యేసు దగ్గరకు తెస్తాడు. బాగుచేసే ముందు ప్రభువు ఆ తండ్రిని, ఇది ఎంతకాలం నుంచి ఉందని అడిగాడు. తండ్రి చెప్పింది విన్నాడు. చివరికి ఆ కుటుంబంతో నిమ్హాన్స్‌కు వెళ్తే అక్కడ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. మేము ఒక్కసారీ అడగలేదు.

"పిల్లవాడు రానంటే?" అని అడుగుతారు. ముందు మీరు వెళ్లండి. ఆ తల్లిదండ్రులు అలాగే వెళ్లారు. నిద్ర ఎప్పుడు తగ్గింది, ఏమంటున్నాడు, గంజాయి, తాగుడు ఉన్నాయా, అన్నీ తేదీలతో ఒక నోటు పుస్తకంలో రాసుకొని వెళ్లారు. తర్వాత కొడుకుతో "నీకు పిచ్చి" అనలేదు. "నిద్ర పట్టక అవస్థ పడుతున్నావు కదా, దానికోసం చూపిద్దాం" అన్నారు. అది నిజం కూడా. అతను వచ్చాడు.

కొందరు మాత్ర అన్నంలో కలిపి పెడతారు. అన్నంలో విషం ఉందని భయపడే బిడ్డకు అలా చేస్తే, అతని అనుమానాన్ని మనమే నిజం చేసినట్టు.

కట్టేయడం అసలే వద్దు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న అగ్నిప్రమాదం జరిగినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. ఎదిగిన బిడ్డను ఇష్టం లేకుండా చేర్చుకోవడానికి తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు. తనకో, ఇతరులకో ప్రమాదం ఉందనో, తన్ను తాను చూసుకోలేడనో సైకియాట్రిస్టుతో పాటు మరొకరు విడిగా పరీక్షించి చెప్పాలి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వానిది. డబ్బు కట్టనక్కర లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు. సొంత రాష్ట్రం కాని చోట, డాక్టరు ముందు భాష రాక తల దించుకునే మన అమ్మలకు ఇది చిన్న సంగతి కాదు.

ప్రార్థన మానమనడం లేదు. మేమూ మానలేదు. ఆసుపత్రి వరండాలో ప్రార్థించాం, చీటీ తీసుకొని వరుసలో నిలబడ్డాం.

ఆ అబ్బాయి పూర్తిగా బాగుపడ్డాడని సాక్ష్యం చెప్పలేం. మధ్యలో మాత్రలు ఆపేశాడు, జబ్బు తిరగబెట్టింది, మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు నిద్రపోతున్నాడు. తల్లి చేతి అన్నం తింటున్నాడు. పోయిన ఆదివారం గుడిలో కుర్చీలు వేయడానికి వచ్చాడు. ఒకామె తన పిల్లవాణ్ణి గబుక్కున పక్కకు లాక్కుంది. అతను చూశాడు, మేమూ చూశాం. ఈ వారం ఆమె ఇంటికి వెళ్తున్నాం.