గోదావరి యొడ్డున ఆయుధ పరిశోధనాలయము
(కరీంనగరున నొక న్యాయవాది గావించిన యుపన్యాసము)



మన నిర్మల, ఇందూరు సీమల ఇనుపరాతిని కరగించి కోనసముద్రపు కమ్మరులు చేసిన ఉక్కును కొనుటకై పారసీక వర్తకులు ఇచ్చటికే వచ్చెడివారు. ఆ కొలుములను స్వయముగ జూచిన వాయిసీ దొర వ్యాసము 1832లో అచ్చయినది. కావున ఆయుధవిద్య మనకు క్రొత్త గాదు.

నేడో? క్షిపణి పరిశోధనాలయము 1961లో, లోహ పరిశోధనాలయము 1963లో, భారత్ డైనమిక్స్ 1970లో, అన్నియు హైదరాబాదుననే వెలసినవి. ఎద్దుమైలారపు యుద్ధశకటముల కర్మాగారమును రాజధాని చెంతనే యున్నది. మనము బొగ్గు నిచ్చితిమి, విద్యుత్తు నిచ్చితిమి. 1999లో మూతబడిన రామగుండము ఎరువుల కర్మాగారము మరల పనిచేయుటకు 2021 రావలసి వచ్చెను. ఆ నడుమ నొక తరము భివండికిని గల్ఫునకును దారిబట్టెను. 2018లో ప్రకటించిన రక్షణ పరిశ్రమల నడవలు రెండును తమిళనాడునకు, ఉత్తరప్రదేశమునకు బోయినవి. మన రాష్ట్రమెంత యడిగినను దక్కలేదు.

అడుగుదము, గట్టిగనే యడుగుదము. కాని న్యాయవాదిగా నొక మాట. 2013 నాటి భూసేకరణ చట్టమున నలువదవ సెక్షను కలదు. దేశరక్షణకు అత్యవసరమన్నచో, సామాజిక ప్రభావ విచారణ లేకయే రైతు భూమి గైకొనవచ్చును. కర్మాగారము పేరు వినగానే చప్పట్లు చరచువారు దీనిని చదివిరా?

కరీంనగరు, పెద్దపల్లి, ఆదిలాబాదు లోక్‌సభ సభ్యులు మువ్వురును పక్షభేదము విడిచి ఢిల్లీలో ఈ కేంద్రమును కోరవలెను. ఆ సెక్షను ప్రయోగింపబోమనియు, భూమి నిచ్చిన యింటి బిడ్డకు శిక్షణయు ఉద్యోగమును ఇత్తుమనియు ప్రభుత్వముచే ముందుగనే వ్రాయించుకొనవలెను. ఈ కోరికతో వారికి పంపవలసిన వినతిపత్రము ఈ బల్లపై నున్నది, వ్రాలు చేయుడు.