పెరటిలో పక్షుల కాపురము

తెలుగున ‘గూడు’ అను మాటకు రెండర్థములు గలవు. పక్షి కట్టుకొను నివాసము గూడు. దీపము పెట్టుటకై మన పెద్దలు మట్టిగోడలో వదలిన చిన్న అరయు గూడే. వెనుకటి మిద్దె యిండ్లలో ఈ రెండు గూళ్ళకును ఎక్కువ యెడము ఉండెడిది కాదు. సాయంకాలము దీపము వెలిగిన గూటికి నాలుగు మూరల పైన, దూలమునకును దంతెలకును నడుమనున్న సందులో, పిచ్చుక తన పిల్లలతో నిదురించెడిది. మనుష్యుల కాపురమును పిచ్చుకల కాపురమును ఒకే కప్పు క్రింద సాగెడివి.

ఆ పక్షి కాపురమును గూర్చియే నేడు మేము చెప్పదలచితిమి. అది యెట్లు కుదురును? ఆడపక్షి దేనిని చూచి మగపక్షిని అంగీకరించును? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు అడవులకు పోనక్కరలేదు. అరుగుపై కదలక ఒక గడియసేపు కూర్చుండు ఓపిక యున్న చాలును.

వనపర్తి జిల్లాలోని శ్రీరంగాపూరునకు వచ్చువారు ముందుగా చూచునది, వనపర్తి సంస్థానాధీశులు 18వ శతాబ్దిలో కట్టించిన శ్రీరంగనాయకస్వామి ఆలయమును, దానిని ఆనుకొనియున్న రంగసముద్రమును. చెరువు నీటిలో మేసెడి కొంగలు అందరి కంటను పడును. కాని ఊరి పెరళ్ళలో, వేపకొమ్మలపై, బావి గట్ల మీద జరుగు సంసారములను నిలిచి చూచువారు తక్కువ. మేము అట్లు చూచుట అలవరచుకొన్న పిమ్మట మాకు మొదట తోచిన దేమనగా, పక్షులు జతగూడు కాలము అన్నిటికి నొకటి కాదు. పిల్లలకు మేత దొరకు కాలమును, గూటికి సామగ్రి దొరకు కాలమును బట్టి ఒక్కొక్క జాతికి ఒక్కొక్క ఋతువు. తేనెపిట్ట పూలు విరియు వేసవిలో గూడు కట్టును. పాలపిట్ట ఎండలు ముదురు దినములలో చెట్టుతొర్రను వెదకును. గిజిగాడు తొలకరి జల్లులకై వేచియుండును. ఊరపిచ్చుకకు మాత్రము ఇంచుమించు ఏడాది పొడవునను పెండ్లి ముహూర్తములే.

ముందుగా పిచ్చుకను చూతము. గొంతు క్రింద నల్లని మచ్చ గలది మగపిచ్చుక. అది మొదట చేయు పని గోడలోనో చూరులోనో ఒక సందును స్వాధీనము చేసికొనుట. పిమ్మట ఆ సందు వాకిటనే కూర్చుండి విడువక అరచుచుండును. మనకు విసుగు పుట్టించు ఆ కిచకిచలకు అర్థము, ‘ఇల్లు సిద్ధముగా నున్నది, వచ్చి చూడుము’ అనుటయే. ఆడపిచ్చుక చేరువకు వచ్చినంతనే మగపిచ్చుక రెక్కలు వ్రేలవేసి, తోక నెత్తి, ఛాతి పొంగించి దాని చుట్టును గెంతును. ఆ గెంతులను ఆడపిచ్చుక ఎంత మెచ్చునో మనము చెప్పలేము. అది సందులోనికి తొంగిచూచుట, లోపలికి పోయి వచ్చుట, మరల పోవుట మాత్రము కన్నులార చూడవచ్చును. చోటు నచ్చిన పిమ్మట రెండును కలిసి గడ్డిపోచలు, దారపు ముక్కలు, ఈకలు మోసికొని వచ్చును. సాధారణముగా మూడు మొదలు అయిదు గ్రుడ్లు. పండ్రెండు దినములకు అటునిటుగా పిల్లలు వెలికివచ్చును. మరి రెండు వారములకు అవి ఎగిరిపోవును. ఈ దినములలోనే మగపిచ్చుక మన యింటి అద్దములో తన నీడను చూచి, పగవాడు వచ్చెనని తలచి, ముక్కుతో పొడుచుట అనేక గృహములలో చూచియుందురు. అది పిచ్చితనము కాదు. ఇంటిని కాపాడుకొను తాపత్రయము.

తేనెపిట్ట వ్యవహారము వేరు. జతగూడు కాలమున మగపక్షి నీలిమెరుపు గల నల్లని వన్నె దాల్చును. ఆ కాలము గడచిన పిమ్మట ఆ వన్నె చాలవరకు రాలిపోయి, గొంతు నుండి పొట్ట వరకు ఒక నల్లని చార మాత్రము మిగిలి, తక్కిన భాగమున ఆడదాని పోలికలోనికి వచ్చును. వలపు దినములలో అది రెక్కలు విప్పి, సాధారణముగా మరుగుపడియుండు పసుపు, నారింజ రంగు ఈకల కుచ్చులను ఆడపక్షికి చూపుచు పాడును. ఇంత అలంకారము గల మగపక్షి గూడు కట్టుటలో చేయు సాయము మాత్రము స్వల్పము. ఆడపక్షియే సాలెపట్టు, నారపీచు, ఎండిన ఆకుతుంపులు తెచ్చి, సంచి వంటి గూటిని కట్టి, వాకిలిపై చిన్న చూరును కూడ దించును. పొదలలోనే కాక, ఒక్కొక్కసారి వసారాలోని తీగకు సైతము దానిని వ్రేలాడదీయును. పిల్లలు పుట్టిన పిమ్మట మగపక్షియు మేత తెచ్చును.

మందార, నిమ్మ, వంగ వంటి మొక్కల నడుమ తిరుగు మరియొక చిన్న పక్షి కలదు. ఆకులను కుట్టి గూడు చేయునది. ఆకు అంచున ముక్కుతో సన్నని రంధ్రములు పొడిచి, ప్రత్తిపోగునో సాలెపట్టునో అందులో దూర్చి, ఆకును దొన్నెవలె మడచి నిలుపును. ఆ దొన్నెలో దూదియు మెత్తని పీచును పరచి గ్రుడ్లు పెట్టును. ఆకు పచ్చగా బ్రతికియుండగనే కుట్టుటచేత ప్రక్క నుండి పోవువారికి గూడున్నట్లే తెలియదు. పెరటిలో అడ్డముగా పెరిగినదని కోసివేసిన కొమ్మతో ఇట్టి సంసార మొకటి పోవుట ఎన్ని యిండ్లలో జరుగుచున్నదో!

ఇక గిజిగాడు. బావిపైకి వంగిన తుమ్మకొమ్మకును, ఈతచెట్టు మట్టలకును వ్రేలాడు బుడ్ల వంటి గూళ్ళను ఎరుగనివారు పాలమూరు సీమలో నుండరు. ఆ గూటి వెనుకనున్న కథను వెలికితీసినవారు సలీం అలీగారు. 1930లో వారు బొంబాయి ఆవలి తీరమున, నేటి రాయగడ్ జిల్లాలోని కిహీం గ్రామములో చిన్న యింట నుండగా, చేరువనే గిజిగాళ్ళ గుంపొకటి గూళ్ళు కట్టుచుండెను. వారు నెలల తరబడి వాటిని కనిపెట్టి చూచి తెలిసికొన్న దిది. మగపక్షి ఒక్కటే గూటిని అల్లును. సగము అల్లగనే, గూడు టోపీ ఆకారమునకు వచ్చినంతనే, పని నిలిపి రెక్కలాడించుచు ఆడపక్షులను పిలుచును. ఆడపక్షి వచ్చి, సగము గూటిపై వ్రాలి, పోచలను లాగి, లోపల కూర్చుండి పరీక్షించును. నచ్చిననే కాపురము, నచ్చనిచో లేచిపోవును. అంగీకారము దొరకిన గూటికి మగపక్షి గ్రుడ్ల అరను, పొడుగైన గొట్టపు వాకిలిని కూర్చి ముగించును. ఆడపక్షి గ్రుడ్లు పొదుగ మొదలిడగనే మగపక్షి మరియొక కొమ్మపై రెండవ గూటికి పోచలు తేసాగును. ఎవరును మెచ్చని సగము గూళ్ళు అట్లే మిగిలిపోవును. చెట్టు క్రింద రాలిపడిన టోపీ వంటి గూళ్ళు పిల్లల కాటలుగా దొరకుట ఇందువలననే.

గిజిగాడు గూటిలో దీపమునకై మిణుగురులను అంటించునని మన వాడుక. గూటి లోపల తడిమన్ను ముద్దలుగా అంటించియుండుట మాత్రము నిజము. గాలికి గూడు మితిమీరి ఊగకుండుటకని కొందరి ఊహ.

సలీం అలీగారు ఆ మరుసటి సంవత్సరమే, 1931-32లో, హైదరాబాదు సంస్థానమున పక్షుల పరిశీలన జరిపిరి. మన పొరుగున, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని మన్ననూరు, ఫరహాబాదు అడవులకు కూడ వచ్చిరి. అట్టి సంచారములు చేసిన మహాశయుడు గిజిగానిని గూర్చిన ముఖ్య విషయమును ఇంటి చేరువనే కనుగొనెనని మరువరాదు. తరువాతి పరిశీలకులు దానికి మరియొక మాట చేర్చిరి. ఆడ గిజిగాడు గూటిని ఎన్నుకొనునపుడు అల్లిక సొగసు కంటె గూడు వ్రేలాడు చోటునకే ఎక్కువ విలువ నిచ్చునని తేలినది. ఏ చెట్టు, ఎంత యెత్తు, శత్రువునకు అందునా అందదా అన్నదే దాని లెక్క.

పాలపిట్టను కూడ ఈ లెక్కలోనికి తీసికొందము. ఇది తెలంగాణ రాష్ట్రపక్షి. వేసవిలో మగపక్షి నిట్టనిలువుగా ఆకాశమున కెగిరి, అక్కడినుండి పల్టీలు కొట్టుచు, బొంగురుగా అరచుచు క్రిందికి దూకును. రెక్కలలోని నీలము ఎండలో ధగధగలాడును. ఇది ఆడపక్షికై చేయు విన్యాసము. ఇంత చేసినను, ఎండిన చెట్టులోనో పాతగోడలోనో ఒక తొర్ర దొరకనిచో కాపురము లేదు. దసరానాడు దీనిని చూచుట శుభమని మనవారి నమ్మకము. ఎగురు పక్షిని పొలము గట్టున చూచుట ఆ ఆచారము. దానిని పట్టి, రెక్కలు కట్టి, పంజరమున పెట్టి పైకమునకు చూపుట ఆచారము కాదు, హింస. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము కూడను. అడవిపక్షుల గ్రుడ్లను గూళ్ళను పాడుచేయుటను సైతము ఆ చట్టము వేటగానే ఎంచుచున్నది.

వీటినన్నిటిని చూచిన పిమ్మట మాకు తోచిన సంగతి ఒకటియే. పాట యెంత తీయనిదైనను, ఈక లెంత మెరసినను, చోటు లేనిదే కాపురము లేదు. ఆడపక్షి చేయు పరీక్షలో మగపక్షితోబాటు మన యిల్లును, మన పెరడును నిలువవలెను. సందులులేని సిమెంటు కప్పు, వలకట్టిన కిటికీ, మోడనుచు కొట్టివేసిన వేప, పూడ్చిన బావి: వీటి నడుమ మగపిచ్చుక ఎంత పిలిచినను చూపుటకు దానికి ఇల్లు లేదు. ఒక ఊరిలో పిచ్చుకలు తగ్గెననగా వాటి మనస్సు మారెనని కాదు, మన గోడలు మారెనని అర్థము.

గృహస్థులు చేయదగిన పనులు స్వల్పములే. సిమెంటు ఇంట చూరు క్రింద, పిల్లి కందని యెత్తున, ఎండ తగులని ప్రక్కను ఒక చెక్కపెట్టె నమర్చవచ్చును. దాని వాకిలి ఒకటింబావు అంగుళము, అనగా సుమారు 32 మిల్లీమీటర్లు వెడల్పున్న పిచ్చుకకు చాలును. వేసవిలో వెడల్పు మూకుడుతో నీరుంచవలెను. కోతల కాలమున వరికంకులను కుచ్చుగా అల్లి వ్రేలాడదీయు పెద్దల పద్ధతి మంచిదే. కాని ఆ గింజలు పెద్ద పిచ్చుకలకు మేత; పసికూనలకు మెత్తని పురుగులు కావలెను. కావున పెరటి వంగమొక్కపై మందు చల్లుటకు ముందు ఆ కూనలను తలచుకొనవలెను. కొమ్మలు కోయుటకు ముందు ఆకుల నడుమ ఒకసారి వెదకవలెను.

చూచుటకును ఒక మర్యాద గలదు. గూటి దగ్గరకు మాటిమాటికి పోరాదు. మన అడుగుజాడను పట్టి కాకియు పిల్లియు వచ్చును. ఈకలు వచ్చిన పిల్ల నేలపై గంతులిడుచున్నచో తల్లి సాధారణముగా సమీపముననే యుండును. పిల్లిని తరిమి మనము తొలగిన చాలును. ఈకలు రాని కూన గూటి నుండి జారిపడినచో మెల్లగా మరల గూటిలో నుంచవచ్చును. మనుష్యుడు తాకిన పిల్లను తల్లి విడుచునను మాట నిజము కాదు.

గోడలో దీపపు గూళ్ళు పోయి విద్యుద్దీపములు వచ్చినవి. అందుకు విచారింప పనిలేదు. పక్షి గూటికి మాత్రము బదులు వస్తువును ఎవరును కనిపెట్టలేదు. క్రొత్త యిల్లు కట్టించుకొనువారు మేస్త్రీతో మాటలాడునపుడు, చూరు క్రింద పిడికెడు సందు వదలుమని ఒక మాట చెప్పుదురు గాక. దానికి ఖర్చు లేదు. అందులోనికి ఎవరు వచ్చి కాపురముండవలెనో పక్షులే నిర్ణయించుకొనును.