నకారా తీర్పు మనకొక్కరికేనా?

(పుప్పాలగూడలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం నకారా గారిని తలచుకుంటాం. 1982లో ఆ రోజున సుప్రీంకోర్టు యిచ్చిన తీర్పు మనందరికీ కంఠస్థమే. 1979 మార్చి 31కి ముందు రిటైరైన వారికి ఒక లెక్క, తర్వాత రిటైరైన వారికి మరొక లెక్క అంటే చెల్లదని కోర్టు చెప్పింది. ఒకే రకం మనుషులను కారణం లేకుండా గీత గీసి విడదీస్తే రాజ్యాంగం 14వ అధికరణం ఒప్పుకోదన్నది. ఆ తీర్పు పుణ్యాన మనం ఈ రోజు గౌరవంగా బ్రతుకుతున్నాం. పెన్షను భిక్ష కాదు, హక్కు అని సభల్లో చెప్పుకుంటున్నాం.

అయితే ఆ 14వ అధికరణం మన పెన్షను పుస్తకంలోనే ఆగిపోవాలా? పోలీసు స్టేషన్ గుమ్మం దగ్గర, శాసనసభ గుమ్మం దగ్గర కూడా అది పని చేయాలి కదా? ఈ రెండు గుమ్మాల సంగతే నేటి నా ప్రసంగ విషయం.

మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. మనుమలను చూసుకోవడానికి మనం వెళ్ళి వస్తూ ఉంటాం. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలో జరిగిన సంగతి కొందరికి గుర్తుండే ఉంటుంది. మనుమడి కోసం వెళ్ళిన ఒక గుజరాతీ పెద్దమనిషి ఉదయం పూట కొడుకు యింటి దగ్గర నడుస్తున్నాడు. ఎవరో నల్లవాడు తిరుగుతున్నాడని పొరుగాయన పోలీసులకు ఫోను చేశాడు. వచ్చిన పోలీసు అడిగిన ప్రశ్నలకు ఈయనకు ఇంగ్లీషు రాక జవాబు చెప్పలేకపోయాడు. చేతులు వెనక్కి విరిచి నేలకు కొట్టారు. మెడ ఎముక దెబ్బతిని మనిషి కదలలేని స్థితికి వచ్చాడు. రెండుసార్లు విచారణ జరిగినా జ్యూరీలో ఏకాభిప్రాయం కుదరలేదు. 2016 జనవరిలో న్యాయమూర్తి ఆ పోలీసును నిర్దోషిగా విడిచిపెట్టారు. ఈ సంగతి తెలిసినప్పుడు మనకందరికీ కడుపు మండింది. చర్మం రంగు చూసి అనుమానించడమేమిటని అడిగాం. సరైన ప్రశ్నే. కాని ఆ ప్రశ్న మన వీధిలో మనల్ని మనం అడుగుకున్నామా?

ఆంగ్లేయుల కాలంలో నేరస్థ జాతుల చట్టమని ఒకటి ఉండేది. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. దాని క్రింద ఒక కులాన్ని మొత్తంగా నేరస్థ జాతి అని గెజెట్‌లో వేస్తే చాలు. ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టులోనూ వాదించడానికి వీల్లేదు. పుట్టిన పిల్లవాడు కూడా ఆ ముద్రతోనే పుట్టేవాడు. వేలిముద్రలు యివ్వాలి, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. ఎరుకల వారి కోసం బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ వారి ఆధ్వర్యంలో వెలసిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. ఆ ఊరి పేరు సినిమాల్లో దొంగలకు మారుపేరుగా వాడుకున్నాం. అది ప్రభుత్వం కట్టిన కంచె అని మాత్రం పిల్లలకు చెప్పలేదు. యానాదులు, దొమ్మరులు, వడ్డెరల్లో కొన్ని శాఖలు, యింకా ఎన్నో కులాలు ఆ జాబితాల్లోకి ఎక్కాయి.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ చట్టాన్ని పరిశీలించిన సంఘానికి అధ్యక్షుడు మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తర్వాత లోక్‌సభ స్పీకరు అయినవారే. ఆయన సంఘం చట్టాన్ని తీసివేయమని సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. అప్పటి నుండి వారిని విముక్త జాతులు అంటున్నాం.

కాగితం మీద విముక్తి వచ్చింది. దాని చోట రాష్ట్రాల్లో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. కొన్ని రాష్ట్రాల జైలు నియమావళుల్లో కులాన్ని బట్టి ఒకరికి వంట, ఒకరికి పాకీపని అనే నిబంధనలు మిగిలాయి. ఒక పత్రికా విలేఖరి వేసిన పిటీషను మీద 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసింది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసివేయమన్నది. డెబ్బయి రెండేళ్ళు పట్టింది! ఆ తీర్పులోనూ మన 14వ అధికరణమే ముందుంది. 2011 జనాభా లెక్కల్లో షెడ్యూల్డు కులాల వారు 16.6 శాతం. దేశంలోని ఖైదీలలో మాత్రం వారు దాదాపు ఐదో వంతు.

దూరం పోనక్కరలేదు. 2021 జూన్‌లో అడ్డగూడూరు స్టేషన్‌లో దొంగతనం అనుమానం మీద తెచ్చిన ఒక దళిత వంటమనిషి ప్రాణం పోయింది. ఎస్.ఐ.ని, యిద్దరు కానిస్టేబుళ్ళను ఉద్యోగాల నుండి తొలగించారు.

యిక నా తప్పు చెప్పుకుంటాను. మన చుట్టూ ఉన్న ఈ మేడలకు ముందు యిక్కడ ఉన్నవి గుట్టలు, బండలు. ఆ బండలను సమ్మెటతో, గడ్డపారతో పగులగొట్టి పునాది రాయి యిచ్చింది వడ్డెర కుటుంబాలే. సుమారు ఇరవై ఏళ్ళ క్రిందట మా వీధిలో ఒక యింట నగ పోయింది. నేను కాలనీ కమిటీ కార్యదర్శిని. దరఖాస్తులు వ్రాసి వ్రాసి చేయి తిరిగినవాణ్ణి కదా, స్టేషనుకు అర్జీ నేనే వ్రాశాను. "సమీపమున గల వడ్డె వారి గుడిసెలపై అనుమానము కలదు" అని వ్రాశాను. ముగ్గురిని తీసుకొనిపోయారు. రెండు రాత్రులు ఉంచారు. తిరిగి వచ్చినవారిలో ఒకడు నెల రోజులు సమ్మెట ఎత్తలేకపోయాడు.

పది రోజులకు ఆ నగ ఆ యింట్లోనే, బట్టల మూటలో దొరికింది. యింటివారు నాకు చెప్పి ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. మొదటి అర్జీ వ్రాసిన చేయి రెండవ అర్జీ వ్రాయలేదు.

ఆ గుడిసెల్లోని ముసలాయన ఒకనాడు నన్ను దారిలో ఆపి అడిగాడు: "అయ్యా, అర్జీల మా పేర్లు రాసినవా, కులం రాసినవా?"

ముప్పయి ఏళ్ళకు పైగా రెవెన్యూ శాఖలో గుమాస్తాగా కుల ధృవీకరణ పత్రాలు నింపినవాణ్ణి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

మన అబ్బాయిని ఎవరినైనా పొరబాటున స్టేషనుకు తీసుకుపోతే ఏం జరుగుతుంది? అరగంటలో నాలుగు ఫోన్లు వెళతాయి. ఒకటి వకీలుకు, ఒకటి తెలిసిన అధికారికి, ఒకటి కార్పొరేటరుకు, ఒకటి ఎమ్మెల్యేకు. ఆ ముగ్గురి కోసం ఎవరు ఫోను చేస్తారు? రెండవ గుమ్మం సంగతి యిక్కడే వస్తుంది.

తెలంగాణ శాసనసభలో 119 స్థానాలు. షెడ్యూల్డు కులాలకు 19, తెగలకు 12. వెనుకబడిన తరగతులకు అసెంబ్లీలో గాని, పార్లమెంటులో గాని ప్రత్యేక స్థానాలు లేవు. విముక్త జాతుల గతి మరీ విచిత్రం. ఎరుకలవారు, యానాదులు షెడ్యూల్డు తెగల్లో ఉన్నారు. వడ్డెరలు, దొమ్మరులు బి.సి. 'ఎ' గ్రూపులో ఉన్నారు. అదే వడ్డెరలు కర్ణాటకలో భోవి పేరుతో షెడ్యూల్డు కులం. సరిహద్దు దాటితే హక్కు మారుతుంది, చేతిలో సమ్మెట మాత్రం మారదు. ఎక్కడికక్కడ చెదిరి ఉండటం వల్ల ఏ నియోజకవర్గంలోనూ వారి ఓటు లెక్కకు రాదు.

2024లో మన రాష్ట్రంలో జరిగిన కులగణనలో వెనుకబడిన తరగతులు, ముస్లిం బి.సి.లతో కలిపి 56.33 శాతమని తేలింది. స్థానిక సంస్థల్లో వారికి 42 శాతం యివ్వాలని 2025లో ప్రభుత్వం జి.ఓ. తెచ్చింది. అక్టోబరులో హైకోర్టు దానిని నిలిపివేసింది. డిసెంబరు పంచాయతీ ఎన్నికలు పాత 50 శాతం పరిమితిలోనే జరిగాయి. దీనిపై ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. నేను పార్టీల మాట మాట్లాడటం లేదు. ఓటర్ల జాబితాలో పేరే లేనివాడి మాట మాట్లాడుతున్నాను. పుప్పాలగూడ గ్రామ పంచాయతీగా ఉండి, 2018లో మణికొండ మున్సిపాలిటీ అయింది. ఊరు మారినప్పుడల్లా మన చిరునామాలు మారాయి, వారి గుడిసెలు లేచిపోయాయి. చిరునామా లేనివాడికి ఓటు దక్కడం కష్టం. ఓటు లేనివాడి తరఫున ఫోను లేదు.

పోలీసులందరూ చెడ్డవారని నేను అనను. మనకు రాత్రి నిద్ర పడుతున్నదంటే వారి చలవే. అయితే వారికి అనుమానం అందించే చేతులు మనవి. కనుక మిత్రులారా, మూడు విన్నపాలు. ఒకటి, మన కాలనీల నుండి వెళ్ళే ఏ అర్జీలోనూ కులం పేరుతోగాని, బస్తీ పేరుతోగాని అనుమానం వ్రాయవద్దు. కళ్ళతో చూసింది మాత్రమే వ్రాద్దాం. రెండు, పొరబాటు అని తేలితే రెండవ అర్జీ కూడా వ్రాద్దాం. మూడు, దరఖాస్తులు నింపడం మనకు వచ్చిన విద్య. మన చుట్టుప్రక్కల కూలీలకు ఓటు కోసం ఫారం 6, కుల ధృవీకరణ పత్రం నింపిపెట్టడానికి ఆదివారం రెండు గంటలు కేటాయిద్దాం. మొదటి ఆదివారం నేను వస్తాను. కలం కూడా నేనే తెచ్చుకుంటాను.

ఆ ముసలాయన యిప్పుడు లేడు. ఆయనకు చెప్పవలసిన క్షమాపణ మీ ముందు చెప్పుకుంటున్నాను.

సెలవు. జైహింద్.