మిరపకాయకు పట్టు కుళ్ళు, కళ్ళములో పుట్టు బూజు

(నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల రైతులకు చేసిన ఉపన్యాసము)



మునేటికి ఇరుప్రక్కల నల్లరేగడి భూములలో మిరప వేయు మీకు కాయకుళ్ళు తెగులును నేను క్రొత్తగా చూపనక్కరలేదు. పండిన కాయపై మొదట చిన్న గుంట పడును. అది సాగి, వలయములు వలయములుగా నల్లని చుక్కలు తేలును. ఎండిన పిమ్మట ఆ కాయ ఎరుపు పోయి గడ్డిరంగు తాలుగా మిగులును. కొమ్మలు చివరనుండి క్రిందికి ఎండుటయు పెక్కుమార్లు ఈ తెగులు పనియే.

దీనికి కారణము ఒక బూజు. శాస్త్రగ్రంథములలో శిలీంధ్రమందురు, ఆ మాట విని తల యూపి ఇంటికి పోవువారే ఎక్కువ గనుక నేను బూజు అనియే చెప్పుదును. ఆ నల్లని చుక్కలలో దాని బీజములుండును. వానచినుకు తగిలి అవి ప్రక్క కాయలపైకి చిందును. కాయ చాలసేపు తడిగా నుండినచో మొలకెత్తి తొక్కలోనికి దిగును. విత్తనముతోను వచ్చును. కావున విత్తనపు కాయలను మచ్చలేని చెట్లనుండి వేరుగా కోసి, వేరుగా ఎండబెట్టవలయును. కిలో గింజలకు 3 గ్రాముల కాప్టాను పొడి పట్టించి నారు పోయుడు. తోటలో తెగులు కనబడినంతనే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి చల్లుడు. 1885లో ఫ్రాన్సు దేశమున మిలార్దే పండితుడు ద్రాక్షతోటలకు ప్రకటించిన మైలుతుత్తము, సున్నముల మందునకు ఇది చుట్టమే. డబ్బాపై వ్రాసిన గడువు తీరకుండ కాయ కోయరాదు.

ఇది తోట సంగతి. నాకు ఎక్కువ దిగులు కలిగించునది కళ్ళము.

కోసిన పండ్లను కుప్పగా పోసి యుంచినచో లోపల వేడియు చెమ్మయు పుట్టి కుళ్ళు పెరుగును. పట్టాపైనో సిమెంటు కళ్ళముపైనో పలుచగా పరచి, పగలు తిరుగవేసి, ప్రొద్దు గ్రుంకకముందే కప్పవలెను. మంచుతడి వానకంటె తక్కువదేమియు కాదు. తాలును అప్పుడే ఏరుడు. చెమ్మ నూటికి 10, 11 పాళ్ళకు దిగువరకు బస్తాకెత్తరాదు.

బస్తాకెత్తునప్పుడు కాయ విరుగకుండుటకని, తూకము కలిసివచ్చునని, నీళ్ళు చల్లు అలవాటు మనలో నున్నది. ఎండలో ఇన్ని దినములు తిరుగవేసి పోగొట్టిన చెమ్మను చెంబుతో మరల పిలుచుటయే గదా! ఆ చెమ్మలో ఆకుపచ్చని బూజు పుట్టి అఫ్లటాక్సిను అను విషమును విడుచును. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్ళు చచ్చినప్పుడు వెదకగా, బూజుపట్టిన వేరుసెనగ పిండిమేతలో ఈ విషము బయటపడెను. ఇది కాలేయమును చెరచును. ఉడికించినను పోదు, పైబూజును గుడ్డతో తుడిచినను కాయలో నిలుచును. ఐరోపా దేశములవారు కిలోకు 10 మైక్రోగ్రాములు, అనగా గ్రాములో లక్షవవంతు, మించిన మిరపసరకును అంగీకరింపరు. అమ్ముడుపోని తాలును, బూజుకాయను ఇంటి కారమునకు దంచుకొను గృహములు కలవు. మంచికాయ ఊరివారికి, విషము బిడ్డలకునా?

గుంటూరు యార్డులో బస్తాలో చేయిపెట్టిన కొనుగోలుదారునకు తడి తెలియకపోదు. అతడు ధర తగ్గించుటతోనే మీ నీటిబరువు పోవును. కాయ విరుగునను భయమున్నచో బస్తాలో త్రొక్కుట తగ్గించుడు.

బస్తాలను గోడకు ఎడముగా చెక్కలపై పేర్చుడు. శీతల గిడ్డంగికి పంపువారు ముందు ప్రతి బస్తాను తడిమి చూడవలయును. చలి బూజు పెరుగుదలను ఆపునే గాని, అదివరకే పుట్టిన విషమును తీసివేయజాలదు.