ఆరు నెలలకొక ఉత్తరం



ఎవరి పేరున మనం ఏటా ఇలా కలుసుకుంటున్నామో ఆ మాస్టారు మా ఊరి శాఖా గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు పనిచేశారు. ఆదివారం పూట సైకిలు క్యారియరుకు పుస్తకాల సంచి కట్టుకుని సబ్‌జైలుకు వెళ్లేవారు. "అన్నం సర్కారు పెడుతుంది, పుస్తకం ఎవరు పెడతారయ్యా?" అనేవారు. అందుకే ఈసారి జైల్లోనే గ్రంథపాలకుడైన ఒక మనిషి గురించి మాట్లాడతాను. ఆయన దక్షిణాఫ్రికాకు చెందిన అహ్మద్ కత్రాడా.

గుజరాతీ కుటుంబం. 1946లో అక్కడి భారతీయులు సత్యాగ్రహం చేసినప్పుడు పదిహేడేళ్లకే జైలు చూశాడు. వర్ణవివక్ష ప్రభుత్వంపై పోరాడుతూ 1963 జులైలో రివోనియాలోని రహస్య స్థావరంలో పట్టుబడ్డాడు. 1964 జూన్ 12న ఉద్యమ సహచరులు మండేలా, సిసులు తదితరులతో పాటు యావజ్జీవ శిక్ష పడింది. రాబెన్ దీవి జైలుకు తరలించిన ఏడుగురిలో అందరికన్నా చిన్నవాడు ఆయనే.

దీవిలో మొదటి రోజు బట్టలు పంచారు. భారతీయుడు కనుక కత్రాడాకు పొడుగు ప్యాంటు, మేజోళ్లు. తనకన్నా పదకొండేళ్లు పెద్దవాడైన మండేలాకు పొట్టి లాగు. ఆఫ్రికన్లను ఎప్పటికీ పిల్లల కింద జమకట్టడమే ఆ లాగులోని అర్థం. తిండిలోనూ అంతే. కత్రాడాకు రొట్టె వచ్చేది, పక్కవాడికి రాదు. అన్నగా భావించిన మనిషి ఎదుట ఆ రొట్టె ముక్క ఎలా మింగుడుపడుతుంది? తనకొద్దని వదిలేయాలనుకున్నాడు. తోటివాళ్లు వారించారు. ఉన్నది వదులుకోవద్దు, అందరికీ అదే కావాలని పోరాడదామన్నారు. ఏళ్ల తరబడి పోరాడాకే ఆ తేడాలు తొలగాయి.

మొదట్లో ఆరు నెలలకు ఒక ఉత్తరం, ఒక ములాఖత్. ఉత్తరం 500 మాటలు దాటకూడదు. ఒక్కసారి కూర్చుని ఆలోచించండి. అమ్మకు, అన్నదమ్ములకు, స్నేహితులకు కలిపి అరసంవత్సరానికి అయిదు వందల మాటలు. పిల్లల్ని ములాఖత్‌కు రానివ్వరు. సున్నపురాయి గనిలో పలుగు పోట్లకంటే, చలికంటే, ఇరవై ఏళ్లు ఒక్క చిన్నపిల్లను కూడా చూడకపోవడమే తనకు పెద్ద కష్టమని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఈ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

జైలు మనిషిని బాగుచేస్తుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. జైలుకు తెలిసింది నలగ్గొట్టడమే. లోపల మనిషి నిలబడ్డాడంటే తను వెతుక్కున్న పని వల్ల, పక్కనున్నవాళ్ల వల్ల. కత్రాడా వెతుక్కున్న పని చదువు. తమ విభాగంలో పుస్తకాల బాధ్యత చూశాడు. దూరవిద్యలో చరిత్ర, నేరశాస్త్రం, ఆఫ్రికా రాజకీయాలు, గ్రంథాలయ శాస్త్రం చదివి నాలుగు పట్టాలు సంపాదించాడు. 1980 దాకా వార్తాపత్రిక అందని చోట! నచ్చిన వాక్యాలను నోటుపుస్తకాల్లోకి ఎత్తి రాసుకునేవాడు.

ఆ చదువును కూడా ఆయన పణంగా పెట్టాడు. 1970ల మధ్యలో మండేలా రాత్రిళ్లు రహస్యంగా ఆత్మకథ రాస్తుంటే కత్రాడా, సిసులు చదివి సూచనలు రాసేవారు. మరో ఇద్దరు దాన్ని చీమతలలంత అక్షరాల్లోకి ఎక్కించారు. ఆ ప్రతి దీవి దాటింది. పెరట్లో పాతిన మూలప్రతి మాత్రం గోడ కోసం తవ్వుతుంటే బయటపడింది. అందులో ముగ్గురి దస్తూరీ ఉంది. నాలుగేళ్లు ముగ్గురికీ చదువుకునే వీలు రద్దు చేశారు. చదువే ఊపిరైనవాడికి అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది?

1989 అక్టోబరు 15న, 26 ఏళ్ల తర్వాత బయటికొచ్చాడు. వయసు అరవై. పార్లమెంటు సభ్యుడయ్యాడు, అధ్యక్షుడైన మండేలాకు సలహాదారుగా ఉన్నాడు. అయినా నాకు గొప్పగా తోచేది వేరే ఉంది. మ్యూజియంగా మారిన రాబెన్ దీవికి పాలకమండలి అధ్యక్షుడై, తనను బంధించిన చోటికే వందలసార్లు వెళ్లి, వచ్చినవాళ్లకు ఆ జైలు గదులు చూపించాడు. అక్కడ జైలును వివరించేవాళ్లు ఒకప్పటి ఖైదీలే. అలాగని కోపాన్ని ఆయన చంపుకున్నాడనుకోను. 2016లో, 86 ఏళ్ల వయసులో, తన సొంత పార్టీ నాయకుడైన దేశాధ్యక్షుడు జూమాను దిగిపొమ్మని బహిరంగ లేఖ రాశాడు. మరుసటి ఏడాది మార్చిలో కన్నుమూశాడు.

మనకూ ఈ దారి కొత్త కాదు. 1908లో పత్రికలో రాసిన రాతకు కఠిన శిక్ష అనుభవించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, ఆ తర్వాతి జీవితంలో ఎక్కువ భాగం గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ ఇచ్చారు. మాస్టారి బల్ల మీద ఆయన ఫొటో ఉండేది.

ఈ ప్రసంగాన్ని చిన్న పుస్తకంగా వేసి అమ్మగా వచ్చే డబ్బుతో సబ్‌జైలుకు పుస్తకాలు కొంటున్నాం. పోయిన నెల లోపలినుంచి ఒక చీటీ వచ్చింది. రెండు కథల పుస్తకాలు, ఒక పెద్దక్షరాల భారతం, ఒక తెలుగు నిఘంటువు కావాలట. మొదటి మూడూ దొరికాయి. మీలో ఎవరింట్లోనైనా నిఘంటువు ఉంటే సభ అయ్యాక నాకు చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటాను.