శ్రమలయందు నిరీక్షణ: పండిత రమాబాయి జీవితము

(సమాజ సాంస్కృతిక సభలో గావింపబడిన ఉపన్యాసము)



తెలుగు బైబిలులో ఆశ యనదగినచోట తరచుగ "నిరీక్షణ" యను మాట కానవచ్చును. నిరీక్షణ యనగా ఎదురుచూచుట. కష్టము తీరునని కోరుకొనుట వేరు. అది తీరకున్నను దైవము తన్ను విడువడని నమ్మి, చేయవలసిన పని చేయుచు ఎదురుచూచుట వేరు. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో శ్రమనుండి ఓర్పు మీదుగా నిరీక్షణకు చేరు మార్గమును చూపెను. ఆ మార్గము ఎంత కఠినమైనదో పండిత రమాబాయి జీవితము తెలుపును.

ఆమె 1858లో పడమటి కనుమల యడవులలో జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే, నాటి కట్టుబాటును లెక్కింపక భార్యకు సంస్కృతము నేర్పెను. ఆ తల్లి కుమార్తెకు నేర్పెను. క్షేత్రముల వెంట తిరుగుచు, పురాణము చదువగా వచ్చిన దానితో ఆ కుటుంబము జీవించుచుండెను. 1874 ప్రాంతమున కరవు వాతబడి వారు తిరుపతి చేరిరి. నగలును, పాత్రలును అమ్ముడుపోయెను. తుదకు గుప్పెడు బియ్యమైనను మిగులలేదు. యాచించుటకు అభిమానము అడ్డువచ్చెను. అయిదుగురును అడవిలో ప్రవేశించి, నీటితోను, ఆకులతోను, కొలది యీతపండ్లతోను 11 దినములు గడపిరి. వృద్ధుడై, చూపు కోల్పోయిన తండ్రి దాపుననున్న తటాకమున మునిగి ప్రాణము విడువ నెంచెను. కుమారుడు శ్రీనివాసుడు అడ్డుపడి, కూలి చేసియైనను పోషింతునని చెప్పెను. అయినను కొలది దినములకే తండ్రియు, ఆపైన తల్లియు, అక్కయు మరణించిరి.

మిగిలిన అన్నాచెల్లెండ్రు కాలినడకన దేశమంతయు తిరిగిరి. జీలం నదీతీరమున కప్పుకొన గుడ్డలేక, ఇసుకలో గోతులు త్రవ్వుకొని, తలలు మాత్రము పైకుంచి చలిరాత్రులు గడపిరి. ఈ శ్రమ రమాబాయికి విశ్వాసము నీయలేదు. ఉన్న విశ్వాసమునే సడలించెను. ఈ సత్యమును మరుగుపరుపరాదు. ఆకలి దానంతట నది ఎవ్వరినిని పవిత్రులను చేయదు.

1878లో కలకత్తా విద్వాంసులు ఆమెను "పండిత" యనియు, "సరస్వతి" యనియు గౌరవించిరి. 1880లో అన్న గతించెను. ఆ యేడే ఆమె బిపిన్ బిహారీ దాసు అను వంగదేశపు న్యాయవాదిని వివాహమాడెను. 1882లో అతడును మరణించెను. చేతిలో మనోరమ యను పసిబిడ్డ మిగిలెను.

1883లో ఆమె ఇంగ్లండు చేరెను. లండనులోని ఫుల్హాంలో, లోకము పతితలని త్రోసివేసిన స్త్రీలను క్రైస్తవ సోదరీమణులు అక్కునజేర్చుకొనుట చూచెను. ఇట్టి దయకు మూలమేమని యామె యడిగినప్పుడు, వారు యేసు సమరయ స్త్రీతో బావియొద్ద సంభాషించిన ఘట్టమును చూపిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఆమె కుమార్తెతో కూడ బాప్తిస్మము పొందెను. ఆమెను కదిలించినది వాదము కాదు, దీనులయెడ కన్పడిన ఆదరము.

అయినను విశ్వాసము ఒక్కదినమున పండలేదు. బుద్ధితో మతమును గ్రహించితిని గాని క్రీస్తును ఎరుగనైతినని, సుమారు ఎనిమిదేండ్ల తరువాత ఆమెకు తోచెను. ఆ నడుమ, 1889లో, బొంబాయిలో వితంతువులకై శారదాసదనమును స్థాపించెను. మరుసటి యేడు అది పూనాకు మారెను. అచటి బాలికలు ఆమె ప్రార్థనలకు వచ్చుచున్నారని 1893లో పెద్ద వివాదము లేచెను. మత విషయమున తటస్థత చూపుదుమన్న మాట తప్పెనని పలువురు భావించిరి. రానడే, భండార్కరు వంటి పెద్దలు సలహాసంఘమును విడిచిరి. అనేకులు తమ బిడ్డలను తీసికొనిపోయిరి. అపనమ్మకమును భరించుటయు ఒక శ్రమయే.

1896-97లో మధ్యపరగణాలలో కరవు వచ్చెను. దిక్కులేని బాలికలు దుర్మార్గుల చేతబడుచున్నారని విని, ఆమె స్వయముగ అచటికి పోయెను. ఎముకల గూళ్లవలెనున్న ఆ పిల్లలను చూడగా, తిరుపతి యడవులలోని తన ఆకలి దినములు జ్ఞప్తికి వచ్చెను. ద్రవ్యము చాలునో చాలదో యని వెనుదీయక, వందలకొలది బాలికలను పూనా సమీపమునందలి కేడ్గాఁవునకు చేర్చెను. అదియే ముక్తిసదనము. 1900 నాటి గుజరాతు కరవు తరువాత అచటివారి సంఖ్య వేయికి మించెను. వ్యవసాయము, నేత, అచ్చుపని నేర్పబడెను; అంధులకును చోటు కల్పింపబడెను. ఇరువదేండ్లనాడు నిష్ప్రయోజనమని తోచిన ఆకలి, పరుల ఆకలిని గుర్తించు కన్నుగా మారెను. విశ్వాసము పెరిగినది శ్రమవలన కాదు. ఆ శ్రమను పరులకై వినియోగించుటవలన.

తుది పరీక్ష మిగిలియుండెను. తల్లి పనిని చేపట్టవలసిన మనోరమ 1921లో మరణించెను. అప్పటికి రమాబాయికి వినికిడి తగ్గియుండెను, ఆరోగ్యము క్షీణించుచుండెను. గ్రీకు, హీబ్రూ భాషలు నేర్చి, సామాన్య స్త్రీలకు తెలియు మరాఠీలో బైబిలును అనువదించు పని ఆమె చేతిలో నుండెను. కుమార్తె పోయిన పిదపను ఆమె ఆ పనిని విడువలేదు. 1922 ఏప్రిల్ 5న కన్నుమూసెను. 1989లో భారత తపాలాశాఖ ఆమె స్మారకముగ తపాలాబిళ్ళను వెలువరించెను. ముక్తిసదనము నేటికిని నిలిచియున్నది.

సోదరీసోదరులారా! ఏ మతమువారైనను, ఏ యింటివారైనను వ్యాధిని, మరణమును, అవమానమును తప్పించుకొనలేరు. "ఈ కష్టము నాకేల?" యను ప్రశ్నకు రమాబాయి జీవితమున కూడ సమాధానము దొరకదు. "ఈ కష్టము నెరిగిన నేను ఎవరి చేయి పట్టుకొనగలను?" అను ప్రశ్నకు మాత్రము దొరకును. దుఃఖమున నున్నవారు ఆ రెండవ ప్రశ్న నడిగిననాడు, వారి నిరీక్షణ అప్పుడే మొదలైనదని తెలియవలెను.